కప్పు ధరలో కుళాయి ఖర్చు ఎందుకు లేదు?

ఖరీదైన కాఫీ ప్యాకెట్ల వెనక ఈమధ్య ఒక రకం రాత తరచుగా కనిపిస్తోంది. మీరు కొన్న ప్రతి ప్యాకెట్ నుంచి కొంత సొమ్ము మా రైతుల ఊళ్ళలో మంచినీటి పథకాలకు వెళ్తుంది అని. పక్కనే కుళాయి కింద దోసిలి పట్టి నవ్వుతున్న ఒక పాప ఫోటో. మొన్న ఒకటి చదివినప్పుడు మొదట సంతోషమే వేసింది. తర్వాత ఎక్కడో తేడా కొట్టింది. గింజలు ఎంత ఎత్తున పండాయో ఆ ప్యాకెట్ మీద ఉంది, ఏ తారీఖున వేయించారో ఉంది. సంచుల ఖర్చు, ఓడ కిరాయి, ప్రకటనల ఖర్చు మేం దయతో భరించాం అని మాత్రం ఎక్కడా లేదు. అవన్నీ చడీచప్పుడు లేకుండా ధరలో కలిసిపోయాయి. గింజ కోసిన మనిషి తాగే నీళ్ళు మాత్రం విడిగా, పుణ్యకార్యం కింద తేలాయి.

ఆ కుళాయి పెట్టించినవాళ్ళ మీద నాకు కోపం లేదు. పెట్టించకపోవడం కన్నా పెట్టించడం వెయ్యి రెట్లు నయం. నా పేచీ దాన్ని ఏ పద్దులో రాశారన్న దాని గురించి. దానం పద్దులో రాస్తే ప్రారంభోత్సవం ఉంటుంది, ఫోటో ఉంటుంది, ఆ తర్వాత ఏమైందో ఎవరూ అడగరు. ఖర్చు పద్దులో రాస్తే ఏటా లెక్క చూడక తప్పదు. టీ, కాఫీ పండించే ఊళ్ళ తాగునీరు కూడా ఎరువు, కరెంటు, కూలీ లాంటి ఉత్పత్తి ఖర్చే అనీ, మనం కొనే కిలో ధరలోంచే అది ఏటా వెళ్ళాలనీ నా అభిప్రాయం. చెప్పినంత తేలిక కాదని తెలుసు. చిక్కులు ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తాను. అన్నీ విడిపోతాయని హామీ ఇవ్వను.

వానకు కొదవ లేదు

టీ, కాఫీ పండే చోట నీళ్ళకు ఇబ్బందేమిటని ఎవరికైనా అనుమానం రావాలి. దండిగా వాన పడే కొండలనే కదా ఈ పంటలు కోరుకునేది. కానీ వాలు మీద పడ్డ వాన వాలు మీద నిలవదు. వాగు లోయలో పారుతుంది, ఇళ్ళు గట్టు మీద ఉంటాయి. నాలుగు నెలలు గొడుగు ముడవకుండా గడిపిన ఊళ్ళోనే, ఎండలు ముదిరేసరికి ఖాళీ బిందెతో దిగి నిండు బిందెతో ఎక్కాల్సి వస్తుంది. ఇంట్లో నీటి వసతి లేని కుటుంబాల్లో పదింట ఏడింటిలో ఆ ఎక్కడం దిగడం ఆడవాళ్ళదేనని యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థల 2023 నివేదిక చెప్పింది. ఆకు కోసేవాళ్ళలో కూడా ఎక్కువమంది ఆడవాళ్ళే. కిలోల లెక్కన కూలి కట్టే చోట, పొద్దున్నే నీళ్ళకు పోయిన గంట సాయంత్రం తూకంలో తగ్గి కనిపిస్తుంది.

కొండ ఊళ్ళను ఇన్నాళ్ళూ బతికించినవి ఊటలు. హిమాలయ ప్రాంతంలో ఏడాది పొడవునా పారే ఊటల్లో దాదాపు సగం ఎండిపోయాయనో, వానాకాలానికే పరిమితమయ్యాయనో 2018లో నీతి ఆయోగ్ నివేదిక ఒకటి వచ్చింది. డార్జిలింగ్ టీ ఆ కొండల్లోనే పండుతుంది. పక్కనే సిక్కింలో 2008లో ధారా వికాస్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ఊట దగ్గర ట్యాంకు కట్టి చేతులు దులుపుకోకుండా, ఆ ఊటకు నీరు ఏ రాతి పొరల గుండా వస్తోందో, కొండ మీద ఎక్కడ ఇంకుతోందో చూసి అక్కడ వాలుకు అడ్డంగా కందకాలు తవ్వారు. ఎండిపోయిన ఊటలు కొన్ని తిరిగి పారాయి.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది భూమి ఎవరిదన్న ప్రశ్న. ఊట ఒక ఊళ్ళో ఉంటుంది. దానికి నీరు ఇంకే చోటు పైన మరొకరి భూమిలో ఉంటుంది. తోటల ప్రాంతంలో ఆ పై భూమి చాలాసార్లు తోటదే. కాబట్టి కింద కుళాయి పెట్టిస్తే సరిపోదు. పైన ఎస్టేటు వాళ్ళు కందకాలు తవ్వనివ్వాలి, అక్కడి అడవి ముక్కను నరక్కుండా వదిలేయాలి. దాతల పథకాల్లో ఈ మాట రాదు. అది భూమి పెత్తనం గురించిన మాట, ఫోటోలో పట్టదు.

కప్పు కాఫీ వెనక 140 లీటర్ల నీరుందనే లెక్క ఒకటి తిరుగుతూ ఉంటుంది. నెదర్లాండ్స్‌లో చాపగైన్, హోక్‌స్ట్రా అనే పరిశోధకులు కట్టిన లెక్క అది. టీకైతే 30 లీటర్ల చుట్టూ వస్తుంది. లెక్క తప్పని నేననను. అయితే ఆ 140 లీటర్లలో సింహభాగం చెట్టు మీద పడ్డ వాన. ఎవరి బిందెలోంచీ లాక్కున్నది కాదు. మనం కాఫీ మానేసినంత మాత్రాన ఆ ఊళ్ళో ఎవరి బిందే నిండదు. ఈ అంకె చూపించి కాఫీ తాగేవాళ్ళను సిగ్గుపడేలా చేయడం తేలిక. అసలు ప్రశ్న దాని చాటున దాక్కుంటుంది.

ఆ ప్రశ్న డబ్బుది. చిన్న లెక్క వేద్దాం. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. 40 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద ఏడాదికి 1,500 మిల్లీమీటర్లు పడితే 60,000 లీటర్లు. పావు వంతు చిందిపోయినా 45,000 మిగులుతాయి. ఐదుగురున్న ఇంటికి తాగడానికీ వంటకూ రోజుకు మనిషికి 20 లీటర్ల చొప్పున, నాలుగు నెలల ఎండాకాలానికి 12,000 లీటర్లు చాలు. ఆకాశం తన వంతు ఇచ్చేస్తోంది. లేనిది 12,000 లీటర్ల ట్యాంకు. ఎస్టేటు లైన్లలో, అంటే తోట యజమాని కార్మికులకు కట్టించిన వరస ఇళ్ళలో, ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ ఇంటి కప్పు కార్మికుడిది కాదు. కప్పుకు గొట్టం బిగించి ట్యాంకు కట్టుకోవాలన్నా యజమానిని అడగాలి.

సెక్షన్ 8

ఇదంతా చట్టంలో లేదా అంటే, ఉంది. మన దేశంలో 1951 నాటి తోట కార్మికుల చట్టం, సెక్షన్ 8 ప్రకారం తోటలో అనువైన చోట్ల కార్మికులందరికీ సరిపడా మంచినీరు యజమానే ఏర్పాటు చేయాలి, ఆ ఏర్పాటును నడపాలి. ఇళ్ళు కట్టివ్వడం, మరుగుదొడ్లు పెట్టడం కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. ఇప్పుడది 2020 నాటి పని భద్రత, ఆరోగ్యం కోడ్‌లో కలిసిపోయింది. అంటే నీళ్ళు ఉత్పత్తి ఖర్చులో భాగమన్న నా వాదన కొత్తదేమీ కాదు. డెబ్బై ఏళ్ళ కిందటే పార్లమెంటు ఒప్పుకున్న సంగతి.

టీ తోటల్లో మేనేజరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు నాకు పరిచయం. ఆయన్ని దీని గురించి కదిపితే నవ్వారు. "సెక్షన్ 8 మాకు కంఠతా వచ్చండీ. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు నీళ్ళ ట్యాంకరు కూడా ఠంచనుగా వచ్చేది" అన్నారు. తర్వాత కాస్త ఆగి, లైన్ల వైపు వెళ్ళే పైపు ఎక్కడ కారుతోందో తనకు తెలుసనీ, దాని బాగుకోసం ప్రతి బడ్జెట్లోనూ రాసేవాణ్ణనీ, హెడ్డాఫీసులో ప్రతిసారీ మొదట కొట్టేసేది ఆ పద్దునేననీ చెప్పారు. ఎరువుల పద్దు ఎప్పుడైనా కొట్టేశారా అని అడిగాను. "ఎరువు తగ్గితే ఆకు తగ్గుతుంది కదండీ" అన్నారు.

అస్సాం తోటల్లో ఆకు కోసేవాళ్ళకు పని దగ్గరికే నీళ్ళో, ఉప్పు వేసిన టీయో మోసుకొచ్చే మనిషి ఉంటాడు. పానీవాలా అంటారు. ఆయన వచ్చినా ఆడవాళ్ళు దాహం తీరా తాగరని ఆ పెద్దాయనే చెప్పారు. కోతకు వెళ్ళిన చోట మరుగుదొడ్డి ఉండదు. మధ్యాహ్నం దాకా ఓర్చుకోవాలి కాబట్టి గొంతు తడుపుకుని ఊరుకుంటారు. నీళ్ళు అందాయా అని సర్వే చేస్తే అందాయనే నమోదవుతుంది. తాగారా అన్న గడి ఫారంలో ఉండదు.

సరే, చట్టం గట్టిగా అమలైతే చాలా? నా వాదనను నేనే అనుమానించేది ఇక్కడ. నీళ్ళు యజమాని బాధ్యత అంటే కుళాయి తాళం కూడా యజమాని చేతిలోనే ఉంటుంది. ఉత్తర బెంగాల్ డువర్స్‌లో 2000 తర్వాత కొన్ని టీ తోటలు మూతపడ్డాయి. యజమాన్యాలు వెళ్ళిపోయాక కరెంటు పోయింది, కరెంటుతో పాటు పంపూ ఆగింది. జీతం, రేషను ఆగిపోయిన మనుషులకు మంచినీళ్ళు కూడా ఆగిపోయాయి. పనికీ ఇంటికీ నీటికీ ఒకే ముడి వేస్తే, ఆ ముడి తెగినరోజు మూడూ పోతాయి. కార్మికుడు గొంతెత్తడానికి జంకేది కూడా ఇందుకే.

ఇక చిన్న రైతులు ఈ చట్టం గడపలోకే రారు. ఐదు హెక్టార్లు, పదిహేనుమంది కార్మికులు ఉంటేనే 1951 చట్టం వర్తించేది. మన దేశపు టీలో ఇప్పుడు సగానికి పైగా చిన్న రైతుల ఆకే. కాఫీలో కమతాలన్నీ దాదాపుగా చిన్నవే. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీని చూడండి. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గిరిజన కుటుంబాలు సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య చిన్న చిన్న ముక్కల్లో పండించేది. అక్కడ యజమాని ఎవరు? రైతే. సెక్షన్ 8 ప్రకారం ఆయన తన దాహం తనే తీర్చుకోవాలి. కొనేవాడికి ఏ బాధ్యతా లేదు.

పది పైపులు, ఒక వాషరు

గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసే మిత్రుడొకరు ఒకసారి నా చేతిలో చిన్న రబ్బరు ముక్క పెట్టాడు. నల్లగా, గిన్నె ఆకారంలో ఉంది. అంచు ఒక పక్క బాగానే ఉంది, రెండో పక్క గోటితో చీల్చగలిగేంత పల్చగా అరిగిపోయింది. "బోరింగు లోపల పిస్టన్ వాషరు ఇది. ఇది పోతే ఊరంతటికీ నీళ్ళు బంద్" అన్నాడు. 1970ల్లో యునిసెఫ్ తోడ్పాటుతో మన దేశంలో తయారై ప్రపంచమంతా పాకిన ఇండియా మార్క్-2 పంపు తాలూకుది. వాషరు ధర పెద్ద లెక్కలోది కాదు. దాన్ని మార్చాలంటే మాత్రం బోరులోంచి మూడేసి మీటర్ల ఇనప పైపులు ఒక్కొక్కటే పైకి లాగి, మరలు విప్పి, పక్కన పేర్చుకుంటూ పోవాలి. లోతు ముప్పై మీటర్లయితే పది పైపులు. నలుగురు మనుషులు, ప్రత్యేకమైన పనిముట్లు, అవి మోసుకొచ్చే బండి కావాలి. పైపులు లాగకుండానే పిస్టన్ బయటికి తీసేలా తర్వాత మార్క్-3 తయారుచేశారు కానీ, పాతవి ఇంకా బోలెడున్నాయి.

కొండ మీది ఊరికి ఆ బండి ఎప్పుడొస్తుంది? అక్కడే ఉంది కథంతా. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లో చేతిపంపుల్లో మూడోవంతుకు పైగా పనిచేయడం లేదని 2009లో గ్రామీణ నీటి సరఫరా నెట్‌వర్క్ అంచనా వేసింది. ఇథియోపియా, ఉగాండా, కెన్యా, రువాండా లాంటి కాఫీ, టీ దేశాలు ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. ఆ పంపులన్నీ ఒకరోజు ప్రారంభమైనవే. అన్నిటి పక్కనా ఎవరో ఒకరు నిలబడి ఫోటో దిగే ఉంటారు.

కెన్యాలోని క్యూసోలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013 ప్రాంతంలో ఒక ప్రయోగం చేశారు. అది కాఫీ సీమ కాదు, మెట్ట ప్రాంతం. అయినా ఇక్కడ పనికొస్తుంది. పంపు చేతికి ఒక చిన్న పరికరం అమర్చారు. చెయ్యి ఎన్నిసార్లు ఆడిందో అది మొబైల్ సిగ్నల్ ద్వారా చెబుతుంది. ఆడటం మానేస్తే మెకానిక్ బయలుదేరతాడు. అంతకు ముందు పాడైన పంపు బాగవడానికి నెల దాకా పట్టేది. ప్రయోగంలో అది మూడు రోజుల లోపుకు దిగింది. కొత్త పంపు ఒక్కటీ వేయలేదు. ఉన్నవాటిని చూసుకునే మనిషికి జీతం ఇచ్చారు, అంతే.

నీళ్ళ దాతలు ఎవరైనా మెకానిక్ జీతానికి విరాళాలు అడగడం నేను చూడలేదు. అడిగితే ఎవరిస్తారు? పదేళ్ళపాటు ఒక మనిషికి జీతం, ఒక గోదాములో వాషర్లు, రాడ్లు, బేరింగులు. ఇందులో చూపించడానికేముంది? అందుకే ఇది దానంతో జరిగే పని కాదంటున్నాను. నెలనెలా వచ్చే సొమ్ము ఏదో ఒకటి ఉండాలి.

కాఫీ కడిగిన నీళ్ళు

రైతుల పక్షాన మాట్లాడేవాళ్ళు కాస్త దాటేసే విషయం ఒకటుంది. కాఫీ ఊళ్ళలో నీళ్ళు పాడుచేసేవాటిలో కాఫీ కూడా ఒకటి.

పండు తోలు తీసి, గింజకు అంటుకున్న జిగురు పోయేదాకా తొట్లలో పులియబెట్టి, నీళ్ళతో కడగడం తడి పద్ధతి. ఆ కడిగిన నీళ్ళు పుల్లటి కంపు కొడతాయి. చక్కెర, ఆమ్లాలు నిండిన ఆ నీరు వాగులో కలిస్తే కుళ్ళే క్రమంలో వాగులోని ప్రాణవాయువునంతా లాగేస్తుంది. చేపలు తేలతాయి, కింది ఊరివాళ్ళు ఆ నీళ్ళు నోట్లో పోసుకోలేరు. కాలం కూడా కలిసిరాదు. దక్షిణ భారతంలో కాఫీ పండ్ల కోత నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. వానలు వెనక్కి తగ్గి వాగులు సన్నబడే రోజులవి. నీరు తక్కువున్నప్పుడే మురికి ఎక్కువ వచ్చి పడుతుంది.

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. కొలంబియాలో కాఫీ పరిశోధన సంస్థ సెనికఫే 1990ల్లో బెకోల్సబ్ అనే ఏర్పాటు తయారుచేసింది. పులియబెట్టే పని లేకుండా యంత్రమే జిగురు ఒలిచేస్తుంది. పాత పద్ధతిలో కిలో పార్చ్‌మెంట్ కాఫీకి (కడిగి ఎండబెట్టిన, పలచటి పొట్టు ఇంకా తీయని గింజలకు) 40 లీటర్ల దాకా అయ్యే నీరు దీంతో ఒక లీటరు చుట్టూకు దిగింది. అసలు నీళ్ళే అక్కర్లేకుండా పండును పండుగానే ఎండబెట్టే పద్ధతి తరతరాలుగా ఉండనే ఉంది. కానీ కడిగిన కాఫీకి చాలా చోట్ల ధర ఎక్కువ. కొనేవాడి నాలుక కోరింది కాబట్టి రైతు కడుగుతున్నాడు. ఆ యంత్రం కొనే శక్తి ఒక చిన్న రైతుకు ఉండదు, రైతుల సంఘానికి ఉండొచ్చు. పై ఊరికి కుళాయి పెట్టించి, అదే ఊరి కడుగునీళ్ళు కింది ఊరి వాగులోకి వదిలితే మనం చేసిందల్లా మురికిని ఒక మైలు కిందికి జరపడం. నీళ్ళ ఖర్చు లెక్కగట్టేటప్పుడు ఈ శుద్ధి ఖర్చు కూడా కలపాలి. అప్పుడది ప్యాకెట్ మీద వేసుకునేంత ముచ్చటైన అంకెలా ఉండదు.

ఊట నుంచి కుండ దాకా

నీళ్ళు మరిగించుకుని తాగితే సరిపోదా, టీ తాగేవాళ్ళు మరిగిన నీళ్ళేగా తాగేది అని ఒక మిత్రుడు అడిగాడు. క్రిములకైతే సరే. అస్సాంలో కొన్ని చోట్ల భూగర్భజలంలో ఆర్సెనిక్, ఫ్లోరైడ్ ఉన్నాయి. మరిగిస్తే అవి పోవు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడతాయి. పైగా మరిగించడానికి కట్టెలు కావాలి. ఆ కట్టెలు తెచ్చేది కూడా నీళ్ళు మోసిన మనిషే.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ అర్థశాస్త్రం వైపు నుంచి ఉంది. 2019లో నోబెల్ అందుకున్న మైకేల్ క్రేమర్, ఆయన సహచరులు పశ్చిమ కెన్యాలో ఊటలకు కాంక్రీటు కట్టి, పైపు పెట్టి, మురికి కలవకుండా చేస్తే ఏమవుతుందో కొలిచారు. ఊట దగ్గర మల కాలుష్యం 66 శాతం తగ్గింది. ఇంట్లో కుండలోకి వచ్చేసరికి ఆ లాభం బాగా పల్చబడింది. దారిలో బిందె, చెయ్యి, చెంబు, మూత లేని కుండ. అయినా పిల్లల విరేచనాలు నాలుగోవంతు తగ్గాయి. అదేమీ చిన్న సంగతి కాదు. కానీ ఆ శుభ్రమైన నీటి కోసం కుటుంబాలు వదులుకోవడానికి సిద్ధపడ్డ విలువ ఏడాదికి మూడు డాలర్లకు మించలేదు. మెరుగైన ఊట కోసం ఎంత దూరం ఎక్కువ నడుస్తున్నారో చూసి కట్టిన లెక్క అది.

దీన్ని పట్టుకుని, జనానికే అంత పట్టింపు లేనప్పుడు మనకెందుకు అనేవాళ్ళున్నారు. నాకు ఆ మాట నచ్చదు గానీ కొట్టిపారేయలేను. వాళ్ళకు లేని అవసరాన్ని మనం అంటగడుతున్నామా? కాదనే అనుకుంటున్నాను. రోజుకు రెండుసార్లు కొండ ఎక్కి దిగుతున్న మనిషిని ఇంకాస్త దూరం నడుస్తావా అని అడిగి, నడవనంటే నీళ్ళంటే లెక్కలేదని రాసుకోవడం సరైన కొలత కాదు. మురికి కంటికి కనిపించదు, మోకాళ్ళ నొప్పి మాత్రం తెలుస్తూనే ఉంటుంది. ఇంటి ముందు కుళాయి ఉన్న మనం నీటి శుద్ధికి ఎంత ఇష్టపడుతున్నామని మనల్నెవరూ పరీక్షించలేదు. బిల్లులో కలిపేశారు, కడుతున్నాం.

డబ్బు ఏ చివర వసూలు చేయాలి?

సర్టిఫికెట్ ఉన్న కాఫీ కొంటే సరిపోతుంది కదా అనేవాళ్ళు ఉన్నారు. సరిపోతుందో లేదో చూద్దాం. రైతుకు న్యాయమైన ధర దక్కాలని ఇచ్చే ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఉన్న కాఫీలో పౌను బరువుకు (సుమారు 450 గ్రాములు) 20 అమెరికన్ సెంట్లు ప్రీమియం, అంటే ధర మీద అదనంగా సంఘానికి వచ్చే సొమ్ము. అందులో కనీసం 5 సెంట్లు దిగుబడికీ నాణ్యతకూ వాడాలి, మిగతాది సంఘం తీర్మానించుకున్నట్టు. కిలోకు లెక్కేస్తే 44 సెంట్లు. కిలో పచ్చి గింజలు వేయిస్తే ఎనిమిది వందల గ్రాములకు పైగా వస్తాయి, యాభై కప్పులకు పైనే. అంటే కప్పుకు ఒక సెంటు కూడా పడదు. ఆ ఒక్క సెంటు లోపు సొమ్ములోంచే బడి గది, పిల్లల స్కాలర్‌షిప్పులు, రోడ్డు, ఆసుపత్రి, నీళ్ళు అన్నీ రావాలి. సంఘం సమావేశంలో చేతులెత్తి ఓటేసుకోవాలి. పిల్లల చదువా, మంచినీళ్ళా అని ఓటు వేయమని పట్నంలో ఎవరినైనా అడిగితే తన్నడానికొస్తారు. పైగా సర్టిఫికెట్ ఉన్న పంటంతా ఆ షరతుల మీద అమ్ముడుపోదు. కొంత భాగానికే కొనేవాళ్ళుంటారు, మిగతాది మామూలు ధరకే పోతుంది.

పౌను మీద ఇంత అని తీసి ఊళ్ళకు నీళ్ళిచ్చిన దేశం ఒకటుంది, కొలంబియా. 1927లో అక్కడి కాఫీ రైతులు సమాఖ్య పెట్టుకున్నారు. 1940లో జాతీయ కాఫీ నిధి వచ్చింది. ఎగుమతయ్యే కాఫీ మీద రైతు వంతు కింద కొంత తీస్తారు. ఇప్పుడది పౌనుకు 6 సెంట్లు. సమాఖ్య ద్వారా కాఫీ జిల్లాల్లో రోడ్లు, బళ్ళు, కరెంటు లైన్లతో పాటు గ్రామీణ నీటి పథకాలు కూడా కట్టారు. చేయవచ్చు అనడానికి ఇంతకన్నా రుజువు నాకు అక్కర్లేదు. అయితే ఏ దేశం ఎంత ఎగుమతి చేయాలో నిర్ణయించిన అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కోటాలు 1989లో కుప్పకూలి, 2001లో ధర పౌనుకు 50 సెంట్ల కిందికి పడిపోయినప్పుడు ఆ నిధీ చిక్కిపోయింది, ఊళ్ళ మీద పెట్టే ఖర్చూ తగ్గించుకున్నారు. కాఫీ ధర పడ్డ ఏడు కూడా దాహం మామూలుగానే వేస్తుంది.

రెండో ఆక్షేపణ ఇంకా సూటిగా తగులుతుంది. పండే చివర పౌనుకు ఇంత అని తీస్తే, వ్యాపారి దాన్ని రైతుకిచ్చే ధరలోంచి కోసేస్తాడు. రైతు డబ్బుతోనే రైతుకు కుళాయి. నిజమే. అందుకే వసూలు తాగే చివర జరగాలి. అది ఊహాలోకం కాదు. జర్మనీలో వేయించిన కాఫీ మీద కిలోకు 2.19 యూరోల పన్ను ఉంది. మార్కెట్ ధర ఎంతున్నా అంతే. ఏటా వంద కోట్ల యూరోల చుట్టూ వస్తుంది, నేరుగా జర్మన్ ఖజానాకు పోతుంది. జర్మన్లేమీ కాఫీ మానేయలేదు. ఆ పన్నులో కాఫీ పండించిన ఊరి కోసమని విడిగా తీసిపెట్టేది ఏమీ లేదు. కిలోకు పది యూరో సెంట్లు అటు మళ్ళించినా ఆ ఒక్క దేశం నుంచే ఏటా 4 కోట్ల యూరోలు దాటుతుంది. మెకానిక్‌లకు, వాషర్లకు, క్లోరిన్‌కు, కడుగునీటి శుద్ధికి ఏటా ఆగకుండా వచ్చే సొమ్ము.

టీలో దారి ఇంకాస్త గజిబిజి. ఆకు ఫ్యాక్టరీ నుంచి వేలంపాటకు, అక్కణ్ణుంచి కలిపేవాళ్ళ దగ్గరికి పోయి, ఒక ప్యాకెట్లో ఎన్నో తోటల ఆకు కలిసిపోతుంది. ఏ కుళాయికి ఎవరి డబ్బని గీత గీయలేం. గీయనక్కర్లేదని కూడా అనుకుంటున్నాను. కిలో మీద సెస్సు అనేది టీకి తెలియనిదేమీ కాదు, మన 1953 నాటి టీ చట్టంలోనే దానికి చోటు కల్పించారు. వసూలు ప్యాకెట్ కట్టే చోట చేస్తే ఎవరి ఆకో వెతుక్కునే పని లేదు.

ఆ సొమ్ము కంపెనీ చేతికి మాత్రం పోకూడదు. డువర్స్ సంగతి చూశాక నాకు ఇందులో అనుమానం లేదు. డబ్బు కప్పులోంచి రావాలి, తాళం చెవి పంచాయతీ దగ్గరో, నీటి సంఘం దగ్గరో ఉండాలి. ఎన్ని పంపులు వేశారని చూసి కాకుండా, ఎన్ని రోజులు నీళ్ళొచ్చాయో చూసి చెల్లించాలి. క్యూసోలో పంపు చేతికి కట్టిన పరికరం లాంటిది ఉంటే ఆ లెక్క ఎవరి దయా లేకుండా తెలుస్తుంది. పంచాయతీలో డబ్బు తినేయరా అంటే, తినొచ్చు. హెడ్డాఫీసులో మొదట కొట్టేసే పద్దుగా ఉండటం కన్నా, ఓటేసినవాళ్ళు ఇంటి ముందుకొచ్చి నిలదీయగలిగే చోట ఉండటం నయమని నా లెక్క.

మిగిలిన చిక్కల్లా ఎస్టేటు లైన్లది. భూమి లీజుది, ఇంటి కప్పు యజమానిది, కాబట్టి పంచాయతీ పైపు వేయాలన్నా యాజమాన్యం కాగితం ఇవ్వాలి. తోట లీజు కొత్తగా ఇచ్చేటప్పుడో, పొడిగించేటప్పుడో నీటి పైపులకూ, ఊట పైనున్న భూమికీ ఊరికి హక్కు రాసివ్వాలన్న షరతు పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకుంది. దీనికి జర్మన్ పన్నూ అక్కర్లేదు, ఫెయిర్‌ట్రేడ్ ముద్రా అక్కర్లేదు.